అతుకు కనపడని పురుగులు

సోమవారం పొద్దున్నే చిన్న డాక్టరమ్మ తన బల్ల మీద ఒక పెద్ద బొమ్మ పరిచి, "అక్కా, ఇలా రా, ఒకటి చూపిస్తా" అని పిలిచింది. అప్పుడు జిగురక్క చేతిలో టీ గ్లాసు ఉంది. బొమ్మ చూశాక ఆ గ్లాసు ఎక్కడ పెట్టిందో మధ్యాహ్నం దాకా ఆవిడకి గుర్తు రాలేదు.

బొమ్మలో ఉన్నది ఒక నల్ల పెంకుపురుగు. పగలంతా రాళ్ల కిందా ఇసుకలోనూ దాక్కుని, వెలుతురు పోయాక బయటికొచ్చే రకం. చీకటి పురుగులనే అంటారు వాటిని. అసలు పురుగు బొటనవేలి గోరంత ఉంటుంది, కాగితం మీద మాత్రం చాటంత గీశారు. ముందు కాలి తొడ లోపలివైపు ఒక ముల్లు ఉంది. వీపు మీది పెంకు నిండా ఆవాలు చల్లినట్టు బుడిపెలున్నాయి.

"ముల్లూ, గరుకు వీపూ ఒకే పురుగులో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. కొత్త జాతి అక్కా! శుక్రవారం వ్యాసం పంపేస్తున్నా. దీనికి నీ పేరే పెడుతున్నా" అంది చిన్న డాక్టరమ్మ.

"నా పేరెందుకమ్మా?"

"ఈ డ్రాయర్లన్నీ నీ చేతుల మీదుగా వచ్చినవే కదా. నీ పేరు కాకపోతే గేటు దగ్గర కునికే వాచ్‌మన్ పేరు పెట్టమంటావా?"

జిగురక్క నవ్వింది. నవ్వు పెదాల దాకానే వచ్చింది. అది ఒక పురుగు కాదని ఆవిడకి తెలుసు. ముందు సగం ఒకదానిది, వెనక సగం ఇంకోదానిది. మధ్యలో ఉన్నది తన జిగురు.

ఇక్కడ కాస్త ఆగి ఈ జిగురక్క ఎవరో చెప్పాలి. లేకపోతే ఆవిడ మీద మీకు లేనిపోని అనుమానాలొస్తాయి. రావడంలో తప్పు లేదు, కానీ అసలు సంగతి విన్నాక రానివ్వండి.

కాలేజీ పాత భవనం మూడో అంతస్తులో, కిటికీలకి తెరలు దించిన పొడుగాటి గది అది. మూడు వందల డ్రాయర్లు, వాటిలో ఎనిమిది వేల పురుగులు, ఒక్కోదానికి ఒక్కో సూది. ఆ సూదికే, ఎక్కడ దొరికిందో ఎప్పుడు దొరికిందో రాసిన చీటీ. అడుగుపెట్టగానే కలరా ఉండల వాసన ముక్కు బద్దలుకొడుతుంది. ఇరవై రెండేళ్ల కిందట ఆవిడ ఆ గది ఊడవడానికి వచ్చింది. ఒకరోజు చెత్తలో విరిగిన పురుగు కాలొకటి కనబడితే పారెయ్యకుండా, అది ఏ పురుగుదో వెతికి పట్టుకుని, అగ్గిపుల్ల మొనతో జిగురద్ది అతికించింది. అప్పట్లో ఆ గదికి పెద్ద, పురుగుల చదువులో డాక్టరేటు ఉన్నందుకు అందరూ పెద్ద డాక్టరు అని పిలిచే ఆయన, లెన్సు పెట్టి వెతికినా అతుకు దొరకలేదు. "అమ్మాయ్, ఆ చీపురు అవతల పెట్టు" అన్నారు. ఆ రోజు నుంచీ విరిగినవి అతికించడం, ఎండిన కాళ్లు సర్దడం, సూదులు గుచ్చడం ఆవిడ పనయింది. జిగురక్క అన్న పేరు కూడా అప్పుడే అంటుకుని, మళ్లీ ఊడి రాలేదు.

అతుకు కనపడకుండా చెయ్యడం ఆవిడకి అత్తారింట్లో అబ్బిన విద్య. మామగారూ, ఆయన తర్వాత భర్తా రఫ్ఫు పని చేసేవాళ్లు. చిరిగిన బట్టకి దాని అంచులోంచే దారం లాగి, పోగుకి పోగు కలిపి, చిరుగు ఉందన్న సంగతే తెలియకుండా చేస్తారు. "కనపడితే అతుకు, కనపడకపోతే రఫ్ఫు" అనేవారు మామగారు. కొత్త కోడలు మూడేళ్ల పాటు ఆ మాట వింటూ పక్కన కూర్చుని పోగులు ఎంచింది.

పురుగుల గదిలో నియమం దీనికి తలకిందులు. దేన్ని అతికించినా ఏం విరిగిందో, ఎవరు అతికించారో, ఏ తేదీనో చిన్న చీటీ మీద రాసి అదే సూదికి గుచ్చాలి. జిగురు కూడా వేడినీళ్లకి కరిగేదే వాడాలి, రేపెవరికైనా అనుమానం వస్తే విప్పి చూసుకోవడానికి. పెద్ద డాక్టరు మొదటిరోజే ఇదంతా చెప్పారు. ఆవిడ బుద్ధిగా తలూపింది. లోపల మాత్రం, ఇంత చక్కగా అతికించి, పక్కనే 'ఇది విరిగింది' అని చాటింపు వెయ్యడమేమిటి, చాదస్తం కాకపోతే, అనుకుంది.

మూడో ఏడు ఒక మధ్యాహ్నం ఆవిడ మోచెయ్యి తగిలి ఒక పెట్టె కింద పడింది. ఆరు పురుగులు రెండేసి ముక్కలయ్యాయి. ఈ పురుగులు ఎండిపోయాక విరిగితే ఒకేచోట విరుగుతాయి. తలా, మెడ మీది పలకా, ముందు కాళ్లూ ఒక ముక్క. వీపు పెంకూ, మిగిలిన నాలుగు కాళ్లూ ఇంకో ముక్క. సూది ఉండేది వీపు పెంకులో కాబట్టి చీటీ వెనక ముక్కతోనే ఉండిపోతుంది, ముందు ముక్క ఎటో దొర్లిపోతుంది. నాలుగు గంటలకి పెద్ద డాక్టరు ఆ పెట్టె చూడటానికి వస్తానన్నారు. నాలుగు పురుగుల జోడీలు సైజుని బట్టి తేలిగ్గానే తెలిశాయి. మిగిలిన రెండూ ఒకే సైజు, ఒకే నలుపు. లెన్సు కింద పెట్టి ఉంటే ఒకదాని తొడకి ముల్లు కనిపించేది. ఆవిడ పెట్టలేదు, కంటికి ఏది ఆనితే దాన్ని అతికించేసింది, ఒక్కదానికీ చీటీ రాయలేదు. పెద్ద డాక్టరు వచ్చి చూసి, ఏమీ కనిపెట్టకుండా వెళ్లిపోతే లోలోపల మురిసిపోయింది కూడా.

ఆ మురిపెం ఏడాది కూడా నిలవలేదు. అందరికీ తెలిసిన లెక్క ఒకటుంది. తొడకి ముల్లుంటే వీపు నున్నగా ఉంటుంది, అది ఏటి ఇసుకలో బతికే జాతి. ముల్లు లేకపోతే వీపు గరుకుగా ఉంటుంది, అది కొండరాళ్ల కింద బతికే జాతి. జిగురక్క అతికించిన రెండింటిలో ఒకటి పెద్ద డాక్టరు చేతికి చిక్కింది. దానికి ముల్లు లేదు, వీపేమో నున్నగా ఉంది. కొత్త జాతి అన్నారాయన. ముప్పై ఏళ్లు పురుగులు పట్టినాయనకి అదే మొదటి కొత్త జాతి. వ్యాసం రాశారు, అచ్చయింది. ఒక జాతికి సాక్షిగా నిలబడే పురుగుకి మాత్రమే గుచ్చే ఎర్ర చీటీ దానికి గుచ్చారు. గదిలో అందరికీ మిఠాయి పంచారు.

ఆ వ్యాసంలో బొమ్మ చూసినప్పుడు జిగురక్కకి తను చేసిందేమిటో అర్థమయింది. అప్పటికి ఆవిడ ఉద్యోగం పర్మినెంటు కాలేదు. నోరు మెదపలేదు. రెండో అతుకు పురుగుని వెతికి పట్టుకుని, 'గుర్తు తేలనివి' అని రాసి ఉన్న పెట్టెల్లో అన్నిటికంటే అడుగున దాచింది. పారెయ్యడానికి చెయ్యి రాలేదు. పద్దెనిమిదేళ్ల తర్వాత, పెద్ద డాక్టరు రిటైరయ్యాక ఆ గది చూసుకుంటున్న చిన్న డాక్టరమ్మ ఆ పెట్టెల దుమ్ము దులిపి, ఆ పురుగుని పైకి తీసింది.

మంగళవారం జిగురక్క చెప్పేద్దామనే వచ్చింది. చిన్న డాక్టరమ్మ మైక్రోస్కోప్ మీద వంగి, పురుగు పాదాల కణుపులు లెక్కపెడుతోంది.

"ముందు పాదాలకి ఐదేసి, నడిమి వాటికి ఐదేసి, వెనక వాటికి నాలుగేసి. చీకటి పురుగులన్నిటికీ ఇదే లెక్క కదక్కా. సరిగ్గా సరిపోయింది. నువ్వూ ఓసారి చూడు."

జిగురక్క చూసింది. సరిపోక ఏం చేస్తుంది! రెండు సగాలూ ఒకే కుటుంబానివాయె. కణుపులు ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఆ దొంగతనం బయటపడదు.

"అమ్మా, ఉన్నది ఇదొక్కటే కదా. ఇంకోటి దొరికేదాకా ఆగితే?" అంది.

"ఆగితే ఇంకెవరో రాసేస్తారు. ఆరేళ్ల నించి ఈ గదిలో కళ్లు పోగొట్టుకుంటున్నా. నా పేరు మీద ఒక్క జాతి లేదు. ఇప్పుడు నువ్వు కూడా దిష్టి పెట్టకు."

జిగురక్క తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. ఆ రోజు మూడు సూదులు వంకర గుచ్చింది.

సాయంత్రం తిన్నగా భర్త కొట్టుకి వెళ్లింది. మెట్ల కింద ఒక్క మనిషి పట్టే కొట్టు. ఆయన ఒళ్లో ఎవరిదో బూడిదరంగు కోటు వేసుకుని, కళ్లజోడు ముక్కు కొసకి దించుకుని పోగులు కలుపుతున్నాడు. ఆవిడ స్టూలు లాక్కుని, పెట్టె కింద పడిన దగ్గర్నుంచీ అంతా చెప్పింది. ఇన్నేళ్లలో మొగుడికి కూడా చెప్పలేదు మరి. ఆయన సూది ఆపకుండా విన్నాడు.

"నాన్న చెప్పిందాంట్లో నువ్వు సగమే విన్నావే" అన్నాడు చివరికి.

"ఏం సగం?"

"ఈ కోటు చూడు. చిరుగు ఎక్కడుందో దీన్ని తెచ్చిచ్చినాయనకి తెలుసా, లేదా? తెలుసు. నేను దాచేది ఊళ్లోవాళ్ల దగ్గర, ఆయన దగ్గర కాదు. చిరిగిన కోటుని ఇలా కుట్టేసి కొత్తదని అమ్మితే దాన్ని రఫ్ఫు అనరు, మోసం అంటారు."

ఆవిడకి ఒళ్లు మండింది. "అయితే నేను మోసగత్తెనా?"

"ఇంకా అమ్మలేదుగా. శుక్రవారం కదా అమ్మేది."

"అది ఒక్కటే అయితే ఇవాళే చెప్పేసేదాన్ని. దీన్ని విప్పితే, మరి దీని జోడీ ఎక్కడ అని అడుగుతారు. అప్పుడు పెద్దాయన పురుగు కూడా పోతుంది. ఎనభయ్యో పడిలో పడబోతున్న మనిషి. నా చేతిలో చీపురు తీయించినాయన. ఆయనకున్నది అదొక్కటే జాతి. ఆయన మొహం చూసి ఎలా చెప్పను?"

ఆయన దారం కొరికి, కోటు దులిపి మడతపెట్టాడు. "అది మాత్రం నాకు తెలీదే" అన్నాడు. ఇద్దరూ కొట్టు మూసి ఇంటికి నడిచారు.

పెద్ద డాక్టరు రిటైరయినా ప్రతి బుధవారం వస్తారు. కర్ర పట్టుకుని మూడు అంతస్తులూ ఎక్కుతారు, మధ్యలో రెండుసార్లు ఆగుతారు. ఆ చప్పుడు వినగానే జిగురక్క కుర్చీ జరిపి పెడుతుంది. ఆ బుధవారం జరిపిన కుర్చీనే మళ్లీ జరిపింది. చిన్న డాక్టరమ్మ ఆయన్ని కూర్చోనివ్వకుండానే బొమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

ఆయన చాలాసేపు చూశారు. ముసలి మొహం విప్పారింది.

"నా పురుగుకి చెల్లెలు పుట్టిందే! నాది ముల్లు లేని నునుపు. నీది ముల్లున్న గరుకు. భలే ఉంది. నాదానికి లేనిది దీనికుంది, దీనికి లేనిది..."

అక్కడ ఆగిపోయారు. కనుబొమలు ముడిపడ్డాయి. ఇంకొక్క క్షణం ఆగితే ఆయనే కనిపెట్టేస్తారేమో. లేకపోతే ఆ ముడి విడిపోయి మళ్లీ నవ్వేస్తారేమో, శుక్రవారం వ్యాసం వెళ్లిపోతుందేమో. రెండూ భరించలేననిపించింది జిగురక్కకి.

"సార్, అది ఒక పురుగు కాదు" అంది. "రెండు. మీదీ అంతే. రెండూ నేనే అతికించాను. తారుమారు చేశాను."

చిన్న డాక్టరమ్మ లెన్సు అందుకుంది.

"ఏం మాట్లాడుతున్నావక్కా? అతుకు ఉంటే నాకు కనపడదా?" అంది చిన్న డాక్టరమ్మ.

"కనపడదమ్మా. కనపడకుండానే చేశాను."

పెట్టె పడిన మధ్యాహ్నం సంగతి నిలబడే చెప్పింది. అడుగు పెట్టెలో దాచిన సంగతి కూడా. చెబుతున్నంతసేపూ పెద్ద డాక్టరు కర్ర మీద రెండు చేతులూ ఆనించి నేల చూశారు. చెప్పడం పూర్తయ్యాక రిటైరయినా తన దగ్గరే ఉంచుకున్న తాళంచెవి జేబులోంచి తీసి, ఎర్ర చీటీల బీరువా ఆయనే తెరిచారు. చెవి రంధ్రంలో దూరడానికి రెండుమూడు సార్లు పట్టింది. సాయం చెయ్యబోయిన చిన్న డాక్టరమ్మని మోచేత్తో పక్కకి జరిపారు.

"వేడినీళ్లు పెట్టు" అన్నారు జిగురక్కతో.

రెండు గిన్నెల్లో గోరువెచ్చటి కంటే కాస్త ఎక్కువ వేడి నీళ్లు పోసింది. సూదుల నుంచి చీటీలు తీసి, ఏ పురుగువి ఆ గిన్నె పక్కన వరసగా పేర్చింది. ఆ వరస తప్పలేదు. చిన్న డాక్టరమ్మ తన పురుగుని పట్టకారుతో పట్టుకుని, నీళ్ల మీద ఆపి, దింపలేకపోయింది. చివరికి దింపింది. పెద్ద డాక్టరు తనది తనే వేశారు.

పది నిమిషాలు గడిచాయి. ఇంకో అయిదు గడిచాయి. ఒక్కటి కూడా విడిపోకుండా ఉంటే బాగుండునని జిగురక్క కోరుకుంది. తను పొరపాటు పడి, అనవసరంగా ఇంత రచ్చ చేసినదాన్నయితే బాగుండును, ఈ ముదనష్టపుది ఎందుకు నోరు విప్పిందీ అని అందరూ తిట్టిపోస్తే బాగుండును! ముందుగా చిన్న డాక్టరమ్మ గిన్నెలో పచ్చటి జిగురు తీగ ఒకటి నీళ్లలోకి సాగింది. పురుగు తల పక్కకి ఒరిగి, ముందు ముక్క మెల్లిగా తేలిపోయింది. ఆ వెనకే రెండో గిన్నెలోదీ విడిపోయింది.

పెద్ద డాక్టరు ముక్కలన్నీ అద్దుడు కాగితం మీదికి తీసి, అటుదిటు మార్చి పెట్టారు. ముల్లున్న ముందు భాగం నున్నటి వీపు అంచులో చక్కగా కూర్చుంది. ముల్లు లేనిది గరుకు వీపుకి సరిపోయింది. ఒకటి ఏటి ఇసుకది, ఒకటి కొండది. మొదటి ఏడాది విద్యార్థి కూడా పేర్లు చెప్పగల మామూలు పురుగులు రెండు ఆయన ముందున్నాయి.

"బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టామన్నమాట" అన్నారు. "నువ్వు జిగురుతో పెట్టావ్, నేను కలంతో పెట్టా. ఎప్పట్నించి తెలుసు నీకు?"

ఇప్పుడే బొమ్మ చూశాక తెలిసిందని చెప్పొచ్చు. ఎవరికీ అనుమానం కూడా రాదు.

"మీ వ్యాసం అచ్చయి వచ్చిన రోజు నించి సార్."

"మిఠాయి పంచిన రోజు."

"అవును సార్. రెండు తిన్నాను."

ఆయన కుర్చీ తనే లాక్కుని కూర్చున్నారు. తప్పు అతికించినందుకు కాదు, పద్దెనిమిదేళ్ల పాటు ప్రతి బుధవారం ఆయనకి కుర్చీ జరుపుతూ ఆ సంగతి కడుపులో పెట్టుకున్నందుకు ఆవిడకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

చిన్న డాక్టరమ్మ బొమ్మని చుట్ట చుట్టేసింది. "ఇంకెన్ని ఉన్నాయి?" అంది. గొంతు రాయిలా ఉంది. "మీరు అతికించినవి, ఎవరికీ తెలియనివి, ఈ డ్రాయర్లలో ఇంకెన్ని ఉన్నాయి?"

ఆరేళ్లలో ఆ అమ్మాయి ఆవిడని 'మీరు' అనడం అదే మొదలు.

"ఆ రోజువి ఆరమ్మా. రెండు ఇవి. మిగతా నాలుగూ ఎక్కడున్నాయో ఇప్పుడే చూపిస్తా. ఆ తర్వాత అతికించిన ప్రతిదానికీ చీటీ ఉంది."

"ఎలా నమ్మాలి? మీ అతుకు మాకు కనపడదు. ఎనిమిది వేల పురుగులున్నాయి. ఇక నేను ఏది చూసి ఏం రాసినా మనసు పీకుతూనే ఉంటుంది కదా!"

అందులో ఒక్క మాట కూడా అన్యాయం కాదు. అది జిగురక్కకి తెలుసు. ఇరవై రెండేళ్లు గర్వంగా చేసిన పనంతా ఇప్పుడు ఆ గది మీద అనుమానమై కూర్చుంది.

"నమ్మొద్దమ్మా" అంది. "అడగండి."

పెద్ద డాక్టరు కుర్చీలోంచి లేచారు. దగ్గర్లో ఉన్న డ్రాయరు లాగి, వేలితో ఒక పురుగుని చూపించారు.

"ఇది?"

జిగురక్క తొంగి చూసింది. "ఎడమ మీసం సార్. సగానికి విరిగింది. చీటీ ఉంది."

ఆయన సూది పైకెత్తి, లెన్సు పెట్టి చూశారు. చీటీ ఉంది. ఎడమ మీసం అని రాసి ఉంది.

"ఇది?"

"కుడి వెనక కాలు. వర్షాకాలంలో చేశాను."

చీటీ ఉంది. తేదీ కూడా అదే కాలానిది. అలా ఆ డ్రాయర్లో తొమ్మిది అడిగారు, తొమ్మిదీ చెప్పింది. పదోదాని సూదికి దొరికిన చోటు చీటీ తప్ప ఏమీ లేదు.

"ఇది?"

"అది విరగలేదు సార్."

ఆయన దాన్ని లెన్సు కింద అటూ ఇటూ తిప్పారు. తర్వాత చీటీ తీసి పక్కన పెట్టి, పురుగుని గిన్నెలో వేశారు.

ఆ పావుగంట ఆవిడ జీవితంలో అన్నిటికంటే పొడుగైనది. విరగలేదని తెలుసు. తెలిసినా, తను మరిచిపోయిందేదైనా ఆ నీళ్లు బయటపెడతాయేమోనని గిన్నె వైపే చూస్తూ నిలబడింది. చిన్న డాక్టరమ్మ వచ్చి గిన్నె మీదికి వంగింది. పురుగు అడుగున పడి ఉంది, దాని చుట్టూ నీళ్లు తేటగానే ఉన్నాయి. పెద్ద డాక్టరు దాన్ని తీసి, ముందు భాగం పట్టకారుతో పట్టి మెల్లిగా లాగి చూశారు. రాలేదు. కాగితంతో తడి అద్ది, చీటీ గుచ్చి, దాని చోట్లో దాన్ని పెట్టారు.

"విరగలేదు" అన్నారు, ఎవరితోనో అన్నట్టు.

జిగురక్క కళ్లు తుడుచుకుంది. క్షమించారని కాదు. ఇంకా తన మాట అడుగుతున్నందుకు ఏడుపొచ్చింది. ఆయన ఆవిడ వైపు చూడలేదు. ఆ డ్రాయరు మూసి, రెండోది లాగి, మొదటి వరసలో మొదటి పురుగు మీద వేలు పెట్టారు.

"ఇది?" అన్నారు.